దుకాణపు శిశు ఆహారాలు: పోషక నాణ్యత

శిశువుకు ఆరు నెలలు నిండాక తల్లిపాలకు తోడుగా పెట్టడానికని కర్మాగారాల్లో తయారుచేసి, అట్టపెట్టెల్లోనూ గాజుసీసాల్లోనూ మూతిగొట్టం ఉన్న మెత్తటి సంచుల్లోనూ అమ్మే తిండిపదార్థాలను శిశు ఆహారాలు అంటారు. పాలలో గాని నీళ్లలో గాని కలిపి పెట్టే ధాన్యపు పొడులు, పాలపొడి ముందే చేర్చిన ధాన్యపు పొడులు, పండ్లూ కూరగాయలూ ఉడికించి వడకట్టిన గుజ్జులు, నోట్లో పడగానే కరిగిపోయే ఉబ్బిన చిరుతిళ్లు, పళ్లు వచ్చే వయసు పిల్లలకని అమ్మే రస్కులు ఈ కోవలోకి వస్తాయి. తల్లిపాలకు బదులుగా పుట్టినప్పటి నుంచీ వాడే డబ్బాపాలది వేరే తరగతి. వాటిలో ఉండవలసిన దాదాపు ప్రతి పోషకానికీ చట్టం కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు విధిస్తుంది కాబట్టి ఒక డబ్బాకూ మరో డబ్బాకూ తేడా తక్కువ. ఆరు నెలల తరువాతి ఆహారాల విషయంలో అంతటి కట్టుదిట్టం ఎక్కడా లేదు. ఒకే అరలో పక్కపక్కనే ఉన్న రెండు పెట్టెల్లో ఒకటి బిడ్డ రక్తహీనతను అరికట్టేదీ, మరొకటి తీపి పిండి తప్ప మరేమీ కానిదీ కావచ్చు. ఈ వ్యాసం ప్రధానంగా ఈ ఆరు నెలల తరువాతి ఆహారాల గురించే.

శిశువు అవసరాలు

తల్లిపాలు తాగుతున్న శిశువుకు పై ఆహారం నుంచి అందవలసిన శక్తి 6–8 నెలల వయసులో రోజుకు సుమారు 200 కిలోకెలరీలు, 9–11 నెలల్లో 300, రెండో ఏట 550 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. శక్తి పరంగా ఇది పెద్ద మొత్తమేమీ కాదు గాని, ఇనుము, జింకు వంటి ఖనిజాలలో చాలా భాగం ఈ కాస్త తిండిలోనే ఇమిడి రావాలి. నెలలు నిండి పుట్టిన బిడ్డ కడుపులో ఉండగా కూడబెట్టుకున్న ఇనుము దాదాపు ఆరు నెలలకు అడుగంటుతుంది. తల్లిపాలలోని ఇనుము బాగా ఒంటబట్టేదే అయినా లీటరుకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2001లో 7–12 నెలల శిశువుకు రోజుకు 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలని నిర్ణయించింది. ఎదిగిన మగవాడికి అదే సంస్థ చెప్పిన మొత్తం 8 మిల్లీగ్రాములే. భారతదేశంలో 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 6–59 నెలల పిల్లలలో 67 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. తెలంగాణలో ఇది 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. దేశం మొత్తం మీద 6–23 నెలల పిల్లలలో తగినన్ని పూటలు, తగినన్ని రకాలు కలిసిన కనీస ఆహారం అందుతున్నవారు దాదాపు 11 శాతం మాత్రమే.

రెండో అవసరం శక్తి సాంద్రత, అంటే ఒక గ్రాము తిండిలో ఎన్ని కిలోకెలరీలు ఉన్నాయన్నది. శిశువు పొట్టలో ఒక పూటకు పట్టేది ఒంటి బరువులో కిలోకు దాదాపు 30 గ్రాములు. ఎనిమిది కిలోల బిడ్డకు అది ఒక చిన్న గిన్నెడు. ఆ గిన్నెలో ఉన్నది పలచని జావ అయితే పొట్ట నిండుతుంది గాని ఒంటికి పట్టేది కొంచెమే. అందువల్ల శిశువు తిండి గ్రాముకు కనీసం 0.8 కిలోకెలరీలు ఇవ్వాలని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘమైన కోడెక్స్ తన ధాన్య ఆహారాల ప్రమాణంలో నిర్దేశించింది. తల్లిపాలలో ఇది 0.65–0.7 మధ్య ఉంటుంది. తల్లిపాలకన్నా పలచనైన తిండి పెడితే బిడ్డకు కలిసివచ్చేది లేకపోగా, తాగే పాలు తగ్గిపోయే నష్టం కూడా ఉంటుంది.

పుట్టుక

కర్మాగారపు శిశు ఆహారం 1860ల నాటిది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ గోధుమపిండి, మొలకధాన్యపు పిండి, ఆవుపాలు, పొటాషియం బైకార్బొనేట్ కలిపి తల్లిపాలకు సాటివచ్చే ఆహారం చేశానని ప్రకటించాడు. 1867లో స్విట్జర్లాండులోని వెవేలో ఆన్రీ నెస్లే పాలు, గోధుమ రొట్టెపొడి, చక్కెర కలిపిన పిండిని మార్కెట్లోకి తెచ్చాడు. విటమిన్లు అన్నవి ఉన్నాయనే అప్పటికి ఎవరికీ తెలియదు. మాంసకృత్తులు, కొవ్వు, పిండిపదార్థం తూకం సరిపోతే ఆహారం సరిపోయినట్టే అనుకున్న కాలం అది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం, ఫ్రీమాంట్ పట్టణంలో ఒక డబ్బా ఆహార కర్మాగారం నడుపుతున్న గెర్బర్ కుటుంబం 1928లో వడకట్టిన బఠానీ, క్యారట్, పాలకూర గుజ్జులను కిరాణా దుకాణాలకు చేర్చింది. 1930ల ఆరంభంలో కెనడాలోని టొరంటో పిల్లల ఆసుపత్రిలో ఫ్రెడరిక్ టిస్డాల్, థియోడర్ డ్రేక్, అలన్ బ్రౌన్ అనే వైద్యులు పాబ్లమ్ అనే పొడిని రూపొందించారు. గోధుమ, ఓట్లు, మొక్కజొన్న పిండితో పాటు గోధుమ అంకురం, బీరు తయారీలో వాడే ఈస్టు, ఎముకల పొడి, చివరికి లూసర్న్ గడ్డి కూడా అందులో ఉండేవి. రుచి సంగతి ఎలా ఉన్నా, ఖనిజాలనూ విటమిన్లనూ ఉద్దేశపూర్వకంగా చేర్చిన తొలి శిశు ధాన్యాహారాలలో ఇది ఒకటి, ఈనాటి ధాన్యపు పొడులన్నిటికీ మూలపురుషుడు.

దుకాణపు ఆహారాలు సులభంగా దొరకడం వల్ల తిండి మొదలుపెట్టే వయసు కూడా దిగజారింది. 1950ల నాటికి అమెరికాలో నాలుగు నుంచి ఆరు వారాల పసికందులకే గుజ్జు పెట్టడం మామూలైపోయింది. ఆ గుజ్జుల్లో ఉప్పు, చక్కెర కలిపేవారు. శిశువుకు వాటి అవసరం లేదని తయారీదారులకు తెలియక కాదు, సీసా మూత తీసి ముందు రుచి చూసేది తల్లి కాబట్టి. విమర్శలు పెరిగాక 1969లో మోనోసోడియం గ్లుటమేటును, 1970ల చివరికి చాలా రకాల్లో ఉప్పు, చక్కెరలను అమెరికా కంపెనీలు మానుకున్నాయి.

భారతదేశంలో స్వాతంత్ర్యానికి ముందూ ఆ తరువాత కొంతకాలమూ శిశు ఆహారమంటే దిగుమతి సరుకే. విదేశీ మారకద్రవ్యం కరువైన 1950లలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ గేదెపాలతో శిశువుల పాలపొడి చేసే పద్ధతిని రూపొందించింది. ఆవుపాలకన్నా గేదెపాలలో కొవ్వూ మాంసకృత్తులూ ఎక్కువ, వాటి విరుగు గట్టిగా ఉండి శిశువుకు అరగదు, కనుక వాటితో శిశు ఆహారం చేయలేమన్నది అప్పటి విదేశీ కంపెనీల వాదన. ఆ పద్ధతిని గుజరాత్‌లోని ఆనంద్ పాల సహకార సంఘం 1960 ప్రాంతంలో అమూల్ పేరుతో ఆచరణలో పెట్టి ఆ వాదనకు జవాబు చెప్పింది.

పొడి ఎలా తయారవుతుంది

ధాన్యపు పొడి తయారీని కొంత దగ్గరగా చూస్తే దాని బలాబలాలు రెండూ అర్థమవుతాయి. పిండిని నీళ్లలో కలిపి, అందులోకి పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైములను వదిలి కొంతసేపు వెచ్చగా ఉంచుతారు. ఎంజైములు పొడవైన పిండి గొలుసులను తెంపి మాల్టోడెక్స్‌ట్రిన్, మాల్టోజ్, గ్లూకోజ్ వంటి చిన్న ముక్కలుగా చేస్తాయి. చిక్కటి అంబలిలాంటి ద్రవం దీనితో పలచబడుతుంది. తరువాత దానిని ఆవిరితో కాగే ఇనుప పీపా మీద పలుచగా పూస్తే, పీపా ఒక చుట్టు తిరిగేలోగా ఎండి కాగితంలాంటి పొర అవుతుంది. దాన్ని గీకి పొడిచేసి, వేడికి నశించే విటమిన్లనూ, ఇనుమునూ, పాలపొడి మిశ్రమాన్నీ ఆ తరువాత కలుపుతారు.

ఈ ఎంజైముల అంచె వల్ల గొప్ప మేలు ఒకటి ఉంది: తక్కువ నీళ్లలో ఎక్కువ పిండి పట్టడం, అంటే శక్తి సాంద్రత పెరగడం. కీడు కూడా అందులోనే ఉంది. పిండి విరిగి పుట్టిన మాల్టోజ్, గ్లూకోజ్ నాలుకకు తీపే, పంటికి చక్కెరే. అయినా వాటిని ఎవరూ బయటి నుంచి తెచ్చి కలపలేదు కాబట్టి, పెట్టె మీద కలిపిన చక్కెరల గడిలో అవి కనిపించకుండా పోయే వీలుంది. చప్పటి అన్నపు మెతుకుకూ ఈ పొడికీ పిల్లలు చూపే ఆదరణలో తేడాకు ఒక కారణం ఇదే.

గుజ్జులది మరో దారి. పండునూ కూరగాయనూ ఉడికించి, మెత్తగా రుబ్బి, సంచిలో నింపి మూసి, సూక్ష్మజీవులన్నీ చచ్చేంత వేడిలో ఉంచుతారు. నెలల తరబడి నిలవ ఉండడానికి ఇది తప్పదు గాని, సి విటమిన్, థయమిన్ వంటివి ఆ వేడికి తగ్గుతాయి. పోయిన సి విటమిన్‌ను తరువాత విడిగా చేర్చడం రివాజు.

తీపి

దుకాణపు శిశు ఆహారాల మీద వచ్చిన పరిశోధనలలో దేశమేదైనా, కాలమేదైనా తరచుగా తేలిన లోపం తీపి. 2017 నవంబరు నుంచి 2018 జనవరి వరకు వియన్నా, సోఫియా, బుడాపెస్ట్, హైఫా నగరాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం దాదాపు 8,000 శిశు ఆహారాలను పరిశీలించగా, నాలుగింటిలో మూడు నగరాలలో సగం లేక అంతకన్నా ఎక్కువ ఉత్పత్తులలో మొత్తం శక్తిలో 30 శాతానికి మించి చక్కెరల నుంచే వస్తున్నట్టు తేలింది. దాదాపు మూడోవంతు ఉత్పత్తుల దినుసుల జాబితాలో చక్కెర, గాఢమైన పండ్లరసం లేదా మరో తీపిపదార్థం ఉంది. ఆరు నెలలు నిండని పిల్లలకు పనికివస్తుందని రాసుకున్నవి నగరాన్నిబట్టి 28 నుంచి 60 శాతం. అమెరికాలో 651 ఉత్పత్తులను ఐరోపా విభాగం రూపొందించిన కొలమానంతో తూచి 2024లో ప్రచురించిన పరిశోధనలో 60 శాతం పోషక ప్రమాణాలను అందుకోలేదు. పెట్టె మీద చెప్పుకోకూడని గొప్ప ఒక్కటైనా చెప్పుకోనివి దాదాపు లేవు.

ఈ స్థితికి కంపెనీల ఆశ ఒక్కటే కారణమనడం సరికాదు. ప్రమాణాలే తలుపు తెరిచి ఉంచాయి. శిశువుల ధాన్యాహారాలకు కోడెక్స్ 1981లో చేసి 2006లో సవరించిన ప్రమాణం కొన్ని రకాలలో ప్రతి 100 కిలోకెలరీలకు 7.5 గ్రాముల వరకు, మాంసకృత్తులు చేర్చిన రకాలలో 5 గ్రాముల వరకు చక్కెర కలపడానికి ఒప్పుకుంటుంది. చక్కెర గ్రాముకు నాలుగు కిలోకెలరీలు ఇస్తుంది కాబట్టి, 7.5 గ్రాములంటే శక్తిలో 30 శాతం చక్కెరే కావచ్చునని అర్థం. పెద్దలు సైతం చక్కెరల నుంచి 10 శాతానికి మించి శక్తి పొందరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా శిశువుకు అంతకు మూడింతలకు అనుమతి ఉందన్నమాట. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో ప్రకటించిన శిశు పోషణ నిబంధనలు లాక్టోజుకూ గ్లూకోజ్ గొలుసులకూ ప్రాధాన్యం ఇవ్వాలని చెబుతూనే, అవసరమైతే సుక్రోజు, ఫ్రక్టోజులను మొత్తం పిండిపదార్థాలలో 20 శాతం మించకుండా కలపవచ్చని అంటాయి. నూరు గ్రాముల పొడిలో 68 గ్రాముల పిండిపదార్థం ఉందనుకుంటే 13 గ్రాములకు పైగా, అంటే దాదాపు మూడు చెంచాల చక్కెర నిబంధనలకు లోబడే ఉంటుంది.

ఈ వెసులుబాటు ఆచరణలో ఎలా పనిచేస్తుందో 2024 ఏప్రిల్‌లో బయటపడింది. స్విట్జర్లాండుకు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ, శిశు ఆహారాల ప్రచారంపై నిఘా ఉంచే ఐబీఫ్యాన్ కలిసి నెస్లే వారి సెరెలాక్ పొడులను వివిధ దేశాల నుంచి తెప్పించి పోల్చగా, భారతదేశంలో అమ్మే రకాలలో ఒక వడ్డనకు సగటున దాదాపు 3 గ్రాముల కలిపిన చక్కెర ఉన్నదనీ, జర్మనీ, బ్రిటన్‌లలో అదే వయసు వారికి అమ్మే గోధుమ రకంలో అది లేదనీ తేలింది. అయిదేళ్లలో 30 శాతం వరకు చక్కెర తగ్గించామని కంపెనీ బదులిచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, భారత మార్కెట్లోని 21 రకాలలో 14 శుద్ధి చేసిన చక్కెర లేకుండా వస్తాయని ప్రకటించింది. నిబంధన ఏదీ మారలేదు, పొడి మాత్రం మారింది. చక్కెర లేకుండా ఈ పొడిని చేయలేకపోవడానికి సాంకేతిక కారణమేదీ లేదని దీనితో రుజువైంది.

పెట్టె మీద చక్కెర లెక్క చదవడంలో ఒక చిక్కు ఉంది. పాలపొడి కలిసిన ధాన్యపు పొడిలో పాల సహజ చక్కెర అయిన లాక్టోజు కూడా మొత్తం చక్కెరల గడిలోకి చేరుతుంది కాబట్టి ఆ అంకె పెద్దగా కనిపించినంత మాత్రాన కలిపిన చక్కెర ఉన్నట్టు కాదు. కలిపిన చక్కెరల గడి వేరుగా చూడాలి. పండ్ల గుజ్జు సంచులలో దీనికి తిరగబడిన పరిస్థితి. వాటి మీద చక్కెర కలపలేదని రాసి ఉంటుంది, అది నిజమే కూడా. అయితే పండును మెత్తగా రుబ్బినప్పుడు కణాల గోడలు చిట్లి లోపలి చక్కెర బయటికి వస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం ఈ కారణంతోనే గుజ్జులోని చక్కెరను కూడా విడి చక్కెరగానే లెక్కిస్తుంది. సంచి ముందువైపు పాలకూర, బ్రొకోలీ బొమ్మలుంటాయి. వెనుక దినుసుల జాబితా బరువు ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతుంది గనుక, అక్కడ మొదటి పేరు ఆపిల్, రెండోది పియర్ పండు అయితే లోపలున్నది ఆకుకూర రంగు వేసుకున్న ఆపిల్ గుజ్జు అనుకోవచ్చు.

దీనివల్ల నష్టం పళ్లకు మాత్రమే కాదు. శిశువు తీపిని పుట్టుకతోనే ఇష్టపడుతుంది, చేదునూ పులుపునూ అలవాటుతో నేర్చుకుంటుంది. ఒక కొత్త కూరగాయను ఒప్పుకోవడానికి ఎనిమిది పది సార్లు రుచి చూపవలసి రావచ్చు. పాలకూరను ఎప్పుడూ ఆపిల్ తీపి చాటున తిన్న బిడ్డకు పాలకూర రుచి తెలిసే అవకాశమే లేదు.

ఇనుము

దుకాణపు ఆహారం నిజంగా ముందున్న చోటు ఇది. ఇంట్లో చేసిన ధాన్యపు ఉగ్గులో ఇనుము తక్కువ, ఉన్నది కూడా ధాన్యంలోని ఫైటేట్లు అనే పదార్థాలకు అంటుకుపోయి పేగులోంచి ఒంటికి ఎక్కదు. కర్మాగారంలో కలిపే ఇనుము ఈ లోటును తీరుస్తుంది. అమెరికాలో అమ్మే శిశు ధాన్యపు పొడులలో చాలావాటిలో 15 గ్రాములకు రోజువారీ అవసరంలో దాదాపు సగం ఇనుము దొరుకుతుంది. అయితే ఏ రూపంలో కలిపారన్నది అంకెకన్నా ముఖ్యం. ఫెర్రస్ సల్ఫేటు బాగా ఒంటబడుతుంది గాని నిలవలో కొవ్వును ముక్కబెట్టి, రంగు మారుస్తుంది. అందుకని చాలాకాలం నీటిలో కరగని ఇనుప ఫాస్ఫేట్లు, సన్నటి ఇనుప రజను వాడారు, అవి పెట్టె మీద అంకెను పెంచాయే గాని పిల్లల రక్తాన్ని అంతగా కాదు. ఫెర్రస్ ఫ్యూమరేటు రంగు, రుచి చెడగొట్టకుండా ఆమ్లంలో కరుగుతుంది కాబట్టి శిశు ధాన్యాలకు నయమైన ఎంపిక. దానికి తోడు సి విటమిన్ చేరిస్తే ఒంటబట్టే ఇనుము గణనీయంగా పెరుగుతుంది. దినుసుల జాబితాలో ఈ రెండు పేర్లు కనిపించే పొడికీ, ఇనుము అన్న ఒక్క మాటతో సరిపెట్టిన పొడికీ మధ్య తేడా చూడడం దండగ పని కాదు.

ఈ మేలు ధాన్యపు పొడులకే పరిమితం. పండ్ల గుజ్జు సంచిలో ఇనుము నామమాత్రం, ఉబ్బిన చిరుతిళ్లలో సాధారణంగా అదీ ఉండదు. శిశు ఆహారమన్న ఒకే పేరు కింద ఇవన్నీ అమ్ముడవడం వల్ల ఒకదాని మంచిపేరు మరొకదానికి అంటుకుంటోంది.

పలుచదనం, నమలడం

2013లో గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్ మార్కెట్లోని 479 శిశు ఆహారాలను పరిశీలించారు. చెంచాతో తినిపించే సిద్ధాహారాలలో 100 గ్రాములకు సగటున 282 కిలోజౌళ్ల శక్తి ఉంది, తల్లిపాలలో 283. పాలకు అదనంగా శక్తినివ్వడానికి పెట్టే ఆహారం పాలతో సరిగ్గా సమానంగా ఉన్నప్పుడు, దానికి వెచ్చించిన డబ్బుకు పోషణపరంగా ఒరిగేది తక్కువ. మామూలు ఇంటి వంటల్లో పోషకాలు ఇంతకన్నా చిక్కగా ఉన్నాయని ఆ పరిశోధనే చూపింది. పరిశీలించిన దుకాణపు ఆహారాలలో 65 శాతం తీపి రకాలు, 44 శాతం నాలుగో నెల నుంచే పెట్టవచ్చని రాసుకున్నవి.

గుజ్జు సంచితో మరో ఇబ్బంది దాని గొట్టం. బిడ్డ దాన్ని చప్పరిస్తుందే గాని చెంచా అందుకోవడం, నాలుకతో ముద్ద తిప్పడం, చిగుళ్లతో నలపడం నేర్చుకోదు. బ్రిటన్‌లోని బ్రిస్టల్ ప్రాంతపు పిల్లలను అనుసరించిన దీర్ఘకాల అధ్యయనంలో, పది నెలలు దాటే వరకు పలుకులున్న తిండి పెట్టని పిల్లలకు తరువాత తిండి దగ్గర పేచీలు ఎక్కువని కనిపించింది.

కల్తీ, కాలుష్యం

పెట్టె మీది అంకెలు లోపలి సరుకుకు సరిపోతాయన్న నమ్మకం మీదే ఈ వ్యాపారం నడుస్తుంది. ఆ నమ్మకం అప్పుడప్పుడూ చెదిరింది. 1987లో అమెరికాలోని బీచ్‌నట్ కంపెనీ, శిశువుల ఆపిల్ రసమని చెప్పి చక్కెర పాకం, సువాసన ద్రవ్యాల మిశ్రమం అమ్మినట్టు కోర్టులో ఒప్పుకుని 20 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. 2003లో ఇజ్రాయెల్‌లో ఒక సోయా డబ్బాపాలలో థయమిన్ విటమిన్ లోపించి శిశువులు చనిపోయారు, మరికొందరి మెదడు దెబ్బతింది. 2008లో చైనాలో పాలలో నీళ్లు కలిపి, మాంసకృత్తుల పరీక్షలో దొరకకుండా మెలమిన్ అనే రసాయనం చేర్చారు. ఆ పరీక్ష మాంసకృత్తులను నేరుగా కాక నత్రజనిని కొలుస్తుంది, మెలమిన్‌లో నత్రజని పుష్కలం. దాదాపు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు మరణించారు.

వీటికి భిన్నంగా బరువైన లోహాల సమస్యలో మోసం లేదు, నేలా నీరూ పంటకు ఇచ్చినవే. వరి నీట మునిగి పెరుగుతుంది కాబట్టి మట్టిలోని ఆర్సెనిక్‌ను మిగతా ధాన్యాలకన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది. ఐరోపా సమాఖ్య 2016 నుంచి శిశు ఆహారాలకు వాడే బియ్యంలో అకర్బన ఆర్సెనిక్‌కు కిలోకు 0.10 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2020లో శిశువుల బియ్యపు పొడులకు అదే స్థాయిని సూచించి, 2025 జనవరిలో సీసానికి కూడా పరిమితులు ప్రకటించింది. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇందులో గమనించవలసిన సంగతి ఉంది: బియ్యపు పొడి మానేసి ఇంట్లో బియ్యపు ఉగ్గు పెడితే ఆర్సెనిక్ తప్పదు, ధాన్యాన్ని మార్చితే తగ్గుతుంది. ఎక్కువ నీళ్లలో వండి గంజి వార్చే పాత పద్ధతి కూడా బియ్యంలోని ఆర్సెనిక్‌ను బాగా తగ్గిస్తుంది. అయితే ఆ గంజితో బి విటమిన్లు కొన్ని కూడా పోతాయి.

చట్టం

తల్లిపాల ప్రత్యామ్నాయాల ప్రచారంపై ప్రపంచ ఆరోగ్య సభ 1981 మే 21న అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. 118 దేశాలు అనుకూలం, వ్యతిరేకించినది అమెరికా ఒక్కటే. భారతదేశం 1992లో దీనికి చట్టరూపం ఇచ్చి, 2003 సవరణతో రెండేళ్ల వయసు వరకు ఇచ్చే శిశు ఆహారాలను కూడా అదే పరిధిలోకి తెచ్చింది. ఈ ఆహారాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, నమూనాలు పంచకూడదు, పెట్టె మీద తల్లి బొమ్మ గాని శిశువు బొమ్మ గాని ఉండకూడదు. ప్రపంచంలోని గట్టి చట్టాలలో ఇది ఒకటి. అయితే దీని పట్టు శిశు ఆహారమని చెప్పుకునే వస్తువు మీదే. గ్రామాల్లోనూ పట్టణాల పేటల్లోనూ ఎనిమిది నెలల బిడ్డకు వీధి కొట్టు నుంచి తెచ్చి పెట్టేది చాలా ఇళ్లల్లో ధాన్యపు పొడి కాదు, పాలలోనో టీలోనో నానబెట్టిన బిస్కెట్టు. దానికి శిశు ఆహార నిబంధన ఏదీ వర్తించదు. మైదా, చక్కెర, నూనె తప్ప అందులో చెప్పుకోదగ్గదీ లేదు. నేపాల్‌లోని ఖాట్మండు లోయలో 12–23 నెలల పిల్లల మీద జరిపి 2019లో వెలువరించిన అధ్యయనంలో, ఇటువంటి చిరుతిళ్లు, తీపి పానీయాల నుంచే రోజువారీ శక్తిలో దాదాపు నాలుగోవంతు వస్తున్నట్టు, వాటిలో బిస్కెట్లదే పెద్ద వాటా అయినట్టు కనిపించింది. ప్రమాణాల చర్చ అంతా పెట్టెల చుట్టూ తిరుగుతుండగా అసలు బెడద బిస్కెట్టు పొట్లంలో ఉంది.

ఇంటి ఉగ్గు, దుకాణపు పొడి

బియ్యం, పెసరపప్పు, కందిపప్పు దోరగా వేయించి, కాస్త జీలకర్రో వామో చేర్చి విసిరిన ఉగ్గుపొడి తెలుగు ఇళ్లలో తరతరాల ఆహారం. ధాన్యంలో కొరవడిన లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో, పప్పులో తక్కువైన మెథియోనిన్ ధాన్యంలో ఉండడం వల్ల మాంసకృత్తుల విషయంలో ఈ జోడింపు ఏ కర్మాగారపు పొడికీ తీసిపోదు. లోపం పలుచదనంలో ఉంది: నూరు మిల్లీలీటర్లకు పది గ్రాముల పిండితో కాచిన జావ గ్రాముకు 0.35 కిలోకెలరీలకు మించదు. దీనికి విరుగుడు కూడా వంటింట్లోనే ఉంది. రాగులనో గోధుమలనో మొలకెత్తించి, ఎండబెట్టి విసిరిన పిండిలో ఎంజైములు సహజంగా ఉంటాయి. కర్మాగారం కొని తెచ్చి వాడేవి కూడా ఆ కోవవే. ఒక చెంచాడు మొలకపిండి వేసి కొద్దిగా వేడిచేస్తే గట్టి జావ జారుగా మారుతుంది, అంటే అదే చిక్కదనంలో రెట్టింపు పిండి పట్టించవచ్చు. మొలకెత్తడంలో ఫైటేట్లు కూడా తగ్గుతాయి. చెంచాడు నెయ్యి మరో 45 కిలోకెలరీలు ఇస్తుంది.

ఈ దారిలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన హైదరాబాద్ మిక్స్ ప్రసిద్ధం: వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20 కలిపిన 86 గ్రాముల పొడి 330 కిలోకెలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు ఇస్తుంది. అందులో దాదాపు నాలుగోవంతు బెల్లమే. బక్కచిక్కిన బిడ్డకు త్వరగా శక్తి అందించడానికి చేసిన కూర్పు కాబట్టి ఆ సందర్భంలో అది సమర్థనీయం, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఉగ్గులో బెల్లం వేయడానికి అది ప్రమాణం కాదు. తెలంగాణ అంగన్‌వాడీలు ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల చొప్పున ఇచ్చే బాలామృతం వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనెలతో ఇదే కుటుంబానికి చెందినది, అందులోనూ చక్కెర ఉంది. కంపెనీ పొడిని తప్పుపట్టే చేత్తోనే ప్రభుత్వ పొడిని కూడా పరిశీలించడం న్యాయం.

ఇంటి ఉగ్గు తీర్చలేని ప్రధానమైన లోటు ఇనుము. గుడ్డు, చేప, మెత్తగా ఉడికించిన మాంసం, కాలేయం తినే ఇళ్లలో అది కూడా చాలావరకు తీరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు మాంసాహార పదార్థాలను రోజూ పెట్టమంటాయి, చక్కెర, ఉప్పు ఎక్కువైనవాటిని పెట్టవద్దంటాయి. శాకాహార కుటుంబాలలో, వంటకు తీరిక లేని ఇళ్లలో, ప్రయాణాల్లో ఇనుము చేర్చి చక్కెర చేర్చని ధాన్యపు పొడికి సమంజసమైన స్థానం ఉంది. తీపి గుజ్జు సంచికి, రస్కుకు, ఉబ్బిన చిరుతిండికి పోషణ కోణంలో అటువంటి స్థానం లేదు. ఏడాది దాటిన పిల్లలకని విడిగా అమ్మే ఎదుగుదల పాలపొడులు కూడా అవసరం లేదని అదే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసుకు మామూలు పాలు, కారం వేయకముందు తీసి పెట్టిన ఇంటి పప్పన్నం, గుడ్డు, కూర చాలు.